మేస్త్రి జవాబులు: బూట్లే బ్రేకులైన బండి

బ్రహ్మోత్సవాలు అయిపోయి పది రోజులైంది. తిరుపతిలో ‘వాహనం’ అంటే ముందు గుర్తొచ్చేది బస్సూ కారూ కాదు, గరుడ వాహనమే. పోయిన నెల ఈ పేజీలో ‘మీరు చూసిన, విన్న వింత బండ్ల గురించి అడగండి’ అని రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం దేవుడి వాహనాలతోనే మొదలయ్యాయి. చాలా సంతోషం వేసింది.

ముప్పై రెండేళ్లు కొండ బస్సుల కింద పడుకుని పని చేసినవాణ్ని. ఏ బండిని చూసినా నా కన్ను ముందు మూడు చోట్ల పడుతుంది. బరువు ఎక్కడ పడుతోంది, ఎట్లా తిరుగుతుంది, ఎట్లా ఆగుతుంది. రంగూ రూపూ ఆ తర్వాతే. జవాబులు కూడా ఆ దారిలోనే ఉంటాయి.

ప్రశ్న: మేస్త్రి గారూ, మా అబ్బాయి ఫోన్‌లో హంస ఆకారంలో ఉన్న పాతకాలం కారు చూపించాడు. అచ్చం మన హంస వాహనం లాగే మెడ పైకెత్తి ఉంది. అది నిజంగా ఉండేదా, కంప్యూటర్‌లో చేసిన బొమ్మా?
— ఒక గృహిణి, చంద్రగిరి

జవాబు: నిజం కారేనమ్మా. అది తిరిగింది కూడా ఎక్కడో కాదు, మన కలకత్తాలో. అక్కడ ఉండే మాథ్యూసన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1910లో ఇంగ్లండులోని లోవెస్టాఫ్ట్ ఊళ్లో బ్రూక్ కంపెనీ చేత చేయించుకున్నాడు. ముందంతా హంస, వెనక భాగం మీద బంగారు రేకుతో తామరపువ్వులు. రాత్రి పూట హంస కళ్లు బల్బులతో వెలిగేవి. ముక్కు తెరుచుకునేది, అందులోంచి ఆవిరి చిమ్మేది. ఆ ఆవిరి ఎక్కడిదంటే, ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లదే. రేడియేటర్ మూత తీస్తే బుస్సుమని వస్తుందే, దాన్నే గొట్టం పెట్టి ముక్కుదాకా తెచ్చారు. ఇంజిన్ వదిలే పొగతో మోగే ఎనిమిది స్వరాల హారన్, దాన్ని వాయించడానికి హార్మోనియం మెట్ల లాంటివి. వెనకాల ఒక వాల్వు తెరిస్తే రోడ్డు మీద సున్నం పడేది, నిజం హంస రెట్ట వేసినట్టు!

పని మటుకు గొప్ప పని. ఒక మెకానిక్‌గా ఆ గొట్టాలు వేసినవాడికి దండం పెడతాను. కానీ ఆ ఆవిరి దేనికి పెట్టారో తెలిశాక నా మనసు చివుక్కుమంది. దారికి అడ్డంగా ఉన్న జనాన్ని తప్పించడానికట. కారు రోడ్డెక్కిన రోజు జనం హడలిపోయి, గలాటా అయ్యి, చివరికి పోలీసులే దాన్ని రోడ్డు మీదికి తేవద్దన్నారు. మన హంస వాహనం రెండో రోజు రాత్రి మాడవీధుల్లోకి వస్తే జనం దగ్గరికి జరుగుతారు, పిలకాయల్ని భుజాలకెత్తుకుని చూపిస్తారు. అందమైన బండిని చూసి మనిషి దగ్గరికి రావాలి గానీ పారిపోకూడదు.

ఆ కారును తర్వాత పంజాబులోని నాభా సంస్థానం మహారాజు కొన్నాడు. అంతటితో ఆగక, దానికి పిల్ల హంస లాగా చిన్న కరెంటు కారు కూడా చేయించాడు. ఇప్పుడు తల్లీ పిల్లా రెండూ నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో, లౌమన్ మ్యూజియంలో ఉన్నాయి.

ప్రశ్న: అన్నా, నేను కొండకు ట్యాక్సీ నడుపుతాను. నువ్వు ప్రతి నెలా బ్రేకుల గురించే రాస్తావు. ప్రపంచంలో యాడైనా బ్రేకు లేకుండా కొండ దిగే బండి ఉందా?
— ఒక డ్రైవర్, తిరుపతి

జవాబు: ఉంది తమ్ముడూ. అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్ వాళ్ల దీవి ఒకటుంది, మదీరా అని. సముద్రం ఒడ్డున ఫుంషాల్ ఊరు, దాని నెత్తిన మోంటె అనే కొండ. పైనున్నవాళ్లు కిందికి తొందరగా దిగడానికి 1850 ప్రాంతంలో ఒక బండి తయారు చేసుకున్నారు. దానికి చక్రాలు లేవు, ఇంజిన్ లేదు, స్టీరింగ్ లేదు, బ్రేకు లేదు. పెళ్లికూతుర్ని మేనమామ మోసుకొచ్చే బుట్ట ఉంటుందే, అట్లాంటి అల్లిక బుట్ట, ఇద్దరు పక్కపక్కన కూర్చునేంతది. అడుగున పొడుగ్గా రెండు చెక్క పట్టీలు. అంతే బండి. రోడ్డు మీద జారుకుంటూ పోవడమే.

వెనకాల ఇద్దరు మనుషులుంటారు. తెల్ల బట్టలు, గడ్డి టోపీ, చేతుల్లో బుట్టకు కట్టిన తాళ్లు. కాళ్లకు మందమైన రబ్బరు అట్టల బూట్లు. ఆ బూట్లే బ్రేకులు. వాలు తక్కువైతే తోస్తారు, వాలు ఎక్కువైతే పట్టీ చివర ఎక్కి నిలబడతారు, మలుపు దగ్గర కిందికి దూకి బుట్టను అడ్డంగా తిప్పి అరికాళ్లు రోడ్డుకు అదిమి పెడతారు. బుట్ట గర్రుమని పక్కకు జారి మలుపు తిరుగుతుంది. మామూలు కార్లు కూడా వచ్చే రోడ్డు మీదే ఇదంతా. రెండు కిలోమీటర్లు, పది నిమిషాలు.

ఇప్పుడు అది టూరిస్టుల సరదా. కానీ మొదట రోజువారీ ప్రయాణమే. ఆ బండి బయల్దేరేది ఎక్కడి నుంచో తెలుసా? కొండ మీదున్న మేరీమాత చర్చి మెట్ల కింద నుంచి. ఆగస్టు 15న ఆ తల్లి పండగ. ఆరోజు మొక్కు ఉన్నవాళ్లు ఆ మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతారట. మన నడకదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర చూస్తామే, అదే. సముద్రాల అవతల కూడా మొక్కు తీర్చుకునే తీరు ఒకటే. ఈ సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

ఇప్పుడు అసలు మాట. వేగం ఊరికే మాయమవదు, వేడిగా మారుతుంది. ఆ బుట్ట బండిలో ఆ వేడి బూటు అట్టకు పోతుంది, అట్ట అరుగుతుంది. తోసేవాడికి తన కాలి కిందే తెలుస్తుంది ఎంత అరిగిందో. మన బండిలో తెలియదు, అదే ప్రమాదం. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి, వేరే ఊరి నుంచి యాత్రికుల్ని తెచ్చిన మినీ బస్సు కొండ దిగి అలిపిరి దగ్గర ఆగింది. డ్యూటీ దిగి ఇంటికి పోతున్నవాణ్ని, కాలిన వాసనకు ఆగాను. వెనక చక్రాల నుంచి పొగ. మూరెడు దూరంలో అరచెయ్యి పెడితే పొయ్యి ముందు పెట్టినట్టుంది. క్లీనర్ పిల్లోడు కంగారులో బకెట్‌తో నీళ్లు తెచ్చి పోయబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. అంతగా కాలిన బ్రేకు డ్రమ్ మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. డీజిల్ కలిసొస్తుందని ఆ డ్రైవర్ దారంతా న్యూట్రల్‌లో, బ్రేకు తొక్కుకుంటూ దిగాడు. పొద్దున డ్రమ్ విప్పితే లైనింగ్, అంటే బ్రేకు తొక్కితే డ్రమ్‌కు ఒరుసుకునే పట్టీ, గాజు ముక్కలాగా నున్నగా మెరుస్తోంది. దాంతో ఇంకో రెండు మలుపులు దిగేది కాదు ఆ బస్సు. అందులో ఇరవై మంది దాకా ఉన్నారు, నిద్రపోతూ.

కొండ దిగడానికి నలభై నిమిషాలకు తగ్గకూడదని టైము పెట్టింది ఊరికే కాదు. ఎక్కిన గేరులోనే దిగు. ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది. నువ్వు మంచి డ్రైవర్‌వే అయ్యుంటావు, అయినా ప్రతి నెలా రాస్తూనే ఉంటాను.

ప్రశ్న: సార్, ప్రపంచంలో అన్నిటికంటే చిన్న కారు ఏది? దాన్ని నేను నడపొచ్చా?
— ఎనిమిదో తరగతి విద్యార్థి, పుత్తూరు

జవాబు: నాయనా, దాని పేరు పీల్ పి50. ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో 1962 నుంచి 1965 దాకా చేశారు. ఫ్యాక్టరీలో తయారై అమ్ముడుపోయిన కార్లలో ఇంతకంటే చిన్నది లేదు. పొడవు 137 సెంటీమీటర్లు, వెడల్పు 99. టేపు తీసుకుని మీ ఇంటి గచ్చు మీద సుద్దముక్కతో అంత గీత గీసి, మధ్యలో కూర్చుని చూడు. తెలుస్తుంది ఎంత చిన్నదో. చక్రాలు మూడు, సీటు ఒకటి, తలుపు ఒకటి, లైటు ఒకటి, వైపర్ ఒకటి. బరువు 59 కిలోలు, అంటే సిమెంటు మూట కంటే తొమ్మిది కిలోలు ఎక్కువ.

దానికి రివర్స్ గేరు లేదు. మరి వెనక్కి ఎట్లా అంటావా? వెనకాల ఒక పిడి పెట్టారు. దిగి, పిడి పట్టి ఎత్తి, సూట్‌కేసు లాగినట్టు లాగి తిప్పుకోవడమే. గేరు పెడితే బరువు, ఖర్చు. పిడితో ఆ పని అయిపోయింది. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది.

దీనికి పూర్తిగా ఎదురుది జర్మనీలో ఉంది. మెస్సర్‌ష్మిట్ అని యుద్ధవిమానాలు చేసిన కంపెనీ. రెండో ప్రపంచయుద్ధంలో ఓడాక విమానాలు చేయకూడదని కట్టడి పెట్టారు. చేతిలో పనివాళ్లున్నారు, పని లేదు. అప్పుడు మూడు చక్రాల బుల్లి కార్లు మొదలుపెట్టారు. కేఆర్200 అనేది 1955లో వచ్చింది. విమానంలో లాగా ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, పైన బుడగ లాంటి మూత. ఆ కారుకు ముందుకు నాలుగు గేర్లు, వెనక్కి కూడా నాలుగే! ఎందుకంటే దానికి విడిగా రివర్స్ గేరే లేదు. ఇంజిన్ ఆపి, తాళంచెవి ఇంకాస్త లోపలికి నొక్కి తిప్పితే ఇంజిన్ మొత్తం ఎదురు తిరుగుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో గాలి దారులు మూసేదీ తెరిచేదీ పిస్టనే కాబట్టి అది ఎటు తిరిగినా దానికి ఒకటే. మీ తాతను అడుగు, పాత మోపెడ్లు ఒక్కోసారి ఎదురు స్టార్ట్ అయ్యి వెనక్కి లాగేవి. మనకు అది ఫాల్టు. ఆ జర్మనీవాళ్లు దాన్నే గేరుగా వాడుకున్నారు.

ఇక నడపడం సంగతి. పద్దెనిమిది నిండి, లైసెన్సు వచ్చేదాకా ఆగు. కారు చిన్నదైనా రోడ్డు మీద లారీ పెద్దదే.

ప్రశ్న: అన్నిటికంటే పొడుగు కారు?
— ఇంటర్ విద్యార్థి, నగరి

జవాబు: ‘అమెరికన్ డ్రీమ్’ అనే లిమోజీన్. 26 చక్రాలు, ఈతకొలను, హెలికాప్టర్ దిగే చోటు కూడా ఉన్నాయి. పాడుబడి ఉన్నదాన్ని బాగుచేసి 2022లో కొలిస్తే 30.54 మీటర్లు వచ్చింది, గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. ఘాట్ రోడ్డులో మొదటి మలుపు కూడా తిరగదు కాబట్టి దాని గురించి నాకు చెప్పడానికి ఇంతకంటే లేదు.

ప్రశ్న: అయ్యా, నేను రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. పట్టాల మీద తోసుకుపోయే మా పుష్ ట్రాలీ అంత సింపుల్ బండి ఇంకోటి ఉండదని నా నమ్మకం. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, పాకాల

జవాబు: పెద్దాయనా, మీ ట్రాలీకి కంబోడియాలో తమ్ముడున్నాడు. ‘నోరీ’ అంటారు, బయటివాళ్లు వెదురు రైలు అంటారు. ఫ్రెంచివాళ్లు వేసి వెళ్లిన రైలు పట్టాలున్నాయి. ఖ్మేర్ రూజ్ అనే క్రూరమైన పార్టీ ఏలిన కాలంలో, తర్వాత జరిగిన యుద్ధాల్లో దేశం నాశనమై రైళ్లు దాదాపు ఆగిపోయాయి. రోడ్లు అంతకంటే అధ్వానం. పట్టాలు మాత్రం మిగిలాయి. అప్పుడు పల్లెజనం రెండు ఇరుసులు, వాటి మీద వెదురు బద్దల తడిక, వెనకాల నీళ్ల మోటారుకు వాడేలాంటి చిన్న ఇంజిన్, ఒక బెల్టు పెట్టి రైలు చేసేసుకున్నారు. వడ్లు, మేకలు, మనుషులు, గర్భిణులు, అన్నీ దాని మీదే.

మీకు నచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. అది సింగిల్ లైను. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే? బరువు తక్కువున్న బండివాళ్లు దిగాలి. తడిక ఎత్తి పక్కన పెడతారు, ఇంజిన్ దించుతారు, ఇరుసులు తీస్తారు. రెండో బండి పోయాక మళ్లీ పేర్చుకుని బయల్దేరతారు. రెండు నిమిషాల పని, ఇద్దరు మనుషులు. రైలు వచ్చే టైముకు మీరు నలుగురు కలిసి ట్రాలీని ఎత్తి పట్టాల పక్కన పెట్టేవాళ్లే, అదే పద్ధతి. సిగ్నల్ లేదు, స్టేషన్ మాస్టర్ లేడు, బరువున్నవాడికి దారి అన్న ఒక్క మాట మీద ఏళ్ల తరబడి నడిచింది. మన ఊళ్లో సందు మలుపుల్లో రెండు ఆటోలు ఎదురుపడి హారన్లు కొట్టుకుంటుంటే నాకు ఈ నోరీలే గుర్తొస్తాయి.

అసలు రైళ్లు మళ్లీ నడపడానికి బట్టంబాంగ్ దగ్గర ఆ పాత నోరీ లైనును 2017లో ఆపేశారు. టూరిస్టుల కోసం వేరే చోట కొత్తగా వేశారు.

ప్రశ్న: టమోటా గంపలు మార్కెట్‌కు తోలడానికి ఆటో బాడుగ కట్టలేకపోతున్నాం. పెట్రోలు లేకుండా బరువు లాగే బండి ఎక్కడైనా ఉందా?
— ఒక రైతు, పలమనేరు

జవాబు: అన్నా, నీ బాడుగ సమస్యకు నా దగ్గర మందు లేదు. చూస్తే ధైర్యం వచ్చే బండి ఒకటి మాత్రం చెప్పగలను. ఆఫ్రికాలో కాంగో దేశం, గోమా ఊరు. అక్కడ ‘చుకుడు’ అనే బండి ఉంది. పూర్తిగా చెక్కతో, చేత్తో చేసిన రెండు చక్రాల తోపుడు స్కూటర్. చక్రాలూ చెక్కవే, వాటి చుట్టూ పాత టైరు రబ్బరు కొట్టి ఉంటుంది. ఒక మోకాలు పలక మీద ఆనించి, రెండో కాలితో నేలను తన్నుతూ పోతారు. దాని మీద బొగ్గు బస్తాలు, ఆలుగడ్డలు, క్యాబేజీ, వందల కిలోలు వేస్తారు. పల్లెలు కొండ మీద, మార్కెట్ కింద. అందుకే నిండు బండి దిగుతుంది, ఖాళీ బండిని తోసుకుంటూ ఎక్కుతారు. దారి ఎట్లా ఉందో బండి అట్లా పుట్టింది.

ఆ ఊళ్లో నడిబొడ్డున చుకుడు తోలుతున్న మనిషికి బంగారు రంగు విగ్రహం పెట్టారు. రాజులకూ నాయకులకూ కాదు, మూటలు మోసే మనిషికి. ఆ ఫొటో చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ప్రశ్న: ఇవన్నీ పరదేశంవే. మన తెలుగు నేల మీద చూడాలంటే?
— ఒక ఉపాధ్యాయిని, శ్రీకాళహస్తి

జవాబు: హైదరాబాదులో జూపార్క్ దగ్గర, బహదూర్‌పురాలో సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం. 2010లో తెరిచారు. చెప్పు, వంకాయ, కెమెరా, బర్గర్ ఆకారాల్లో కార్లు, అన్నీ ఆయన చేతి పనే. ఏదీ బొమ్మ కాదు టీచరమ్మా, నడిచే బండ్లు. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ చేసి, హైదరాబాదులో తొక్కి, గిన్నిస్‌కెక్కారు. పిల్లల్ని తీసుకెళ్తే ఒక మాట చెప్పండి. పైన రేకు చూసి వచ్చేయకుండా వంగి కింద చూడమనండి. వంకాయ కింద ఇంజిన్ ఎక్కడ కూర్చుంది, చెప్పు మడమ కింద చక్రం ఎట్లా పట్టింది అని. మావాళ్లు చూస్తున్నంతసేపూ నేను నేల మీదే కూర్చున్నాను.

ఇంకా దగ్గర అంటే మన శ్రీహరికోటే. అక్కడ రాకెట్‌ను కూర్చే కట్టడం నుంచి రెండో లాంచ్ ప్యాడ్ దాకా, సుమారు కిలోమీటరు దూరం, నిలబెట్టిన రాకెట్‌ను పట్టాల మీద నడిచే పెద్ద పీఠం మోసుకుపోతుంది. అమెరికావాళ్లకు అదే పనికి 1965లో చేసిన క్రాలర్లు రెండున్నాయి. పట్టాలు ఉండవు, యుద్ధట్యాంకుకు ఉండేలాంటి గొలుసు చక్రాలు ఎనిమిది. బరువు మీద ఉన్నప్పుడు గంటకు మైలు, అంతే నడక. ప్యాడ్ దగ్గర వాలు ఎక్కేటప్పుడు రాకెట్ ఒరగకుండా కింద జాకీలు వెనక వైపు పైకి లేపుతూ మట్టం చూసుకుంటాయి. మన రథం మలుపు తిరిగేటప్పుడు చక్రం కింద చెక్క దిమ్మె వేసే మనిషిని గమనించారా? లక్షమంది తాడు లాగుతుంటారు, ఆయన కన్ను మాత్రం చక్రం మీదే. బరువు పెద్దదైన కొద్దీ నడక మెల్లగా ఉండాలి, చూపు అడుగున ఉండాలి.

1981లో మన ఆపిల్ ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద పెట్టిన ఫొటో మీ పాఠంలో చెప్పేటప్పుడు, పేదరికం వల్ల అని చెప్పకండి. అది యాంటెన్నా పరీక్ష, దానికి చుట్టూ ఇనుము ఉండకూడదు. చెక్కబండే దానికి సరైన వాహనం.

ప్రశ్న: తాతా, మీకు ఏ బండి రిపేరు చెయ్యాలని ఉంది?
— నాలుగో తరగతి పాప, రేణిగుంట

జవాబు: చంద్రుడి మీదున్న కార్లమ్మా. మూడున్నాయి అక్కడ. 1971లో ఒకటి, 1972లో రెండు, అపోలోలో పోయినవాళ్లు నడిపి అక్కడే వదిలేసి వచ్చారు. ఒక్కోటి 210 కిలోలే. టైర్లలో గాలి లేదు, జల్లెడ లాగా ఇనుప తీగతో అల్లిన చక్రాలు. స్టీరింగ్ బదులు మధ్యలో ఒక పిడి.

చివరిసారి పోయిన సెర్నన్ గారి జేబులోని సుత్తి తగిలి వెనక చక్రం మీది మడ్‌గార్డు విరిగింది. చిన్న విషయమే కదా అనుకుంటాం. అక్కడ దుమ్ము గాజుపొడి లాంటిది, చక్రం తిరిగితే ఫౌంటెన్ లాగా లేచి వాళ్ల మీదే పడుతోంది. ముందు టేపు వేశారు, దుమ్ముకు ఊడిపోయింది. మరుసటి రోజు తమ దగ్గరున్న నాలుగు మ్యాపులు పక్కపక్కన పెట్టి, టేపుతో ఒకటిగా అతికించి, దీపానికి ఉన్న క్లాంపులు తీసి వాటితో బిగించారు. పని జరిగింది. ఆ మ్యాపుల మడ్‌గార్డును భూమికి తెచ్చారు, వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

నేను కూడా ఒక రోజు తెల్లవారుజామున నాలుగింటికి, మొదటి ట్రిప్పు బస్సుకు ఊగుతున్న మడ్‌గార్డును బైండింగ్ వైరుతో కట్టి పంపాను. రోజంతా నిలిచింది. సాయంత్రం విప్పేటప్పుడు వైరు మీద ఎర్రమట్టి పొర కట్టి ఉంది, వేలితో తుడిస్తే కింద తీగ ఇంకా గట్టిగానే ఉంది.